నాన్నకొచ్చిన డౌటు

మొన్న మనవరాలు లెక్కలు చేస్తూ "నాయనమ్మా, నాకో డౌటు" అంది. ఆ మాట మా ఇంట్లో ఇంత తేలిగ్గా వినబడితే నాకింకా కొత్తగానే ఉంటుంది.

డెబ్బైల్లో మాట. నాన్న కామెర్లతో నర్సీపట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంట్లో చంటి తమ్ముడు, అందుకని అమ్మ ఊరు దాటి రాలేకపోయేది. చిన్నాన్నా నేనూ గంజి పట్టుకెళ్లేవాళ్లం. ఒకరోజు వరండాలో డాక్టరు "డౌటే" అన్నాడు. చిన్నాన్న గోడకు ఆనుకున్నాడు.

"మీ అమ్మకి సెప్పకే, తట్టుకోలేదు" అన్నాడు నాతో.

డౌటంటే నాన్న జబ్బు పేరనుకున్నాను. అమ్మకు చెప్పొద్దన్నారు గానీ దేవుడికి చెప్పొద్దనలేదు కదా. ఆదివారం మా ఊరి చర్చిలో, ఎవరికేం ప్రార్థన కావాలో లేచి చెప్పే వేళ, నేనూ లేచాను.

"మా నాన్నకి డౌటొచ్చిందండి. బేగి తగ్గాలని ప్రార్థన సెయ్యండి."

పిల్లలు నవ్వారు. పెద్దలు తల దించుకున్నారు. అమ్మ చంటివాణ్ణి చంకనేసుకుని, చిన్నాన్నను బయటికి పిలిచింది.

"ఏటయ్యా, బతకడన్నాడా డాక్టరు?"

"అలాగన్లేదొదినా. డౌటన్నాడు."

"అంటే ఏటి?"

"బతకొచ్చు... బతక్కపోనూ వచ్చు."

"మరి బతకొచ్చన్న ముక్కైనా నాకు సెప్పొచ్చు కదా" అని, అటునుంచటే ఆసుపత్రికి నడిచింది.

నాన్న దక్కలేదు. పోయేదాకా అమ్మ మాత్రం మంచం దగ్గర్నుంచి లేవలేదు.

మా ఆయన మంచాన పడి, డాక్టరు అదే మాట అన్నప్పుడు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని దాని అర్థం నేనే చెప్పాను.