గట్టు మీద నడిచిన రాక్షసుడు

నిన్న పొద్దున లంచ్ బాక్స్ కట్టుకుంటుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది.

"పాపా, మీ చిన్నాయన లేస్తాలేడు."

ఇంకాసేపు పడుకోనీలే అనబోయాను. ఆయన పొద్దెక్కేదాకా పడుకునే మనిషి కాదని అప్పుడు గుర్తొచ్చింది.

మా ఓబులేసు చిన్నాయన పోయాడు. నిద్రలోనే.

పోయిన వారమే పక్కపక్కన కూర్చుని సినిమా చూశాం. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మా చిన్నాయన ఒక సినిమాలో రాక్షసుడు.

నవ్వకండి. ఊరంతా నవ్వింది చాలు.

ఆయన పెళ్లికి ముందు చిలమత్తూరు దగ్గర గుట్టల్లో ఒక సైన్స్ ఫిక్షన్ హారర్ సినిమా తీశారు. వేరే గ్రహం నుంచి రాక్షసుడు దిగి మనుషుల్ని తినే కథ. గ్రహం సెట్ వేయడానికి బడ్జెట్ లేదో ఏమో, మా గుట్టల్నే గ్రహం అన్నారు. పెద్దగా మార్చాల్సిన పని కూడా లేకపోయి ఉంటుంది.

మద్రాసు నుంచి వచ్చిన అసలు రాక్షసుడు రబ్బరు సూట్ వేసుకుని మా ఎండకు కళ్లు తిరిగి పడిపోయాడట. అప్పుడు ఆ పక్కన గొర్రెలు మేపుకుంటూ పొడుగ్గా కనిపించిన మనిషి మా చిన్నాయన.

సినిమా హిందూపురంలో నాలుగు రోజులు ఆడిందో లేదో, తీసేశారు. మా ఊళ్లో ఎవరూ చూడలేదు. టైటిల్స్‌లో ఆయన పేరు లేదు. ఫోటో లేదు.

"ఏమప్పా రాక్షసుడా, ఈ పొద్దు ఎవరిని తింటివి?" అని టీ కొట్టు దగ్గర ఆటపట్టించేవాళ్లు. ఆయనా నవ్వేసేవాడు.

కానీ చిన్నమ్మ కూడా నమ్మలేదు. అదొక్కటే ఆయనకు బాధ.

"ఊరోళ్లు ఎన్నన్నా అననీ పాపా. ఇంట్లో మనిషి గూడా కోతలు కోస్తాననుకుంటాదే" అని నాతో ఒకసారి అన్నాడు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అప్పటి నుంచి ఆ సినిమా కోసం వెతుకుతూనే ఉన్నాను.

ఈమధ్య ఎవరో పుణ్యాత్ములు యూట్యూబ్‌లో పెట్టారు. పోయిన ఆదివారం బస్సెక్కి చిన్నాయన ఇంటికి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీకి కలిపి పెట్టాను. చిన్నమ్మ విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తూ ఓ మూల కూర్చుంది, నాకేం పట్టదన్నట్టు.

ఆ ఎఫెక్ట్స్ ఏమని చెప్పను. స్పేస్‌షిప్‌కి కట్టిన తీగ కనిపిస్తోంది. గ్రహం మీద ఎవరిదో మేక అడ్డం వచ్చింది. రాక్షసుడి వీపున జిప్. నోట్లోంచి కారే విషం కుంకుడుకాయ నురుగని చిన్నాయనే చెప్పాడు.

నాకు భయం వేయలేదు కానీ, ప్రతి షాట్‌కీ ఒక డౌట్ వచ్చింది. ఆ తోక ఎవరు ఊపారు? లోపల చెమట పడితే ఎలా? దాహమైతే ఎలా తాగేవాడు? పాజ్ కొట్టి కొట్టి అడిగాను. ఆయన చిన్నపిల్లాడిలా అన్నీ చెప్పాడు.

చిన్నమ్మ మాత్రం ఒకటే మాట. "ముసుగులో యెవురైనా ఉండొచ్చు. మొగమే కనపడ్లేదే."

ఆయన ముఖం చిన్నబోయింది. నిజమే, ముసుగు తీసే సీనే లేదు.

అప్పుడు చేను సీన్ వచ్చింది.

పచ్చటి వేరుశనగ చేను. హీరోయిన్ అరుస్తూ చేనుకు అడ్డంపడి పరుగెడుతోంది. రాక్షసుడు పట్టుకోవడానికి వస్తున్నాడు. చేను దాకా వచ్చి ఆగాడు. పక్కకు తిరిగి గట్టెక్కాడు. ఆ పెద్ద రబ్బరు కాళ్లతో, పడిపోతానేమో అన్నట్టు, గట్టు మీదే చుట్టూ తిరిగి వచ్చాడు. మధ్యలో వంగి, హీరోయిన్ తొక్కిన ఒక వేరుశనగ చెట్టును నిలబెట్టి, మట్టి ఎగదోసి, మళ్లీ భూమిని నాశనం చేయడానికి బయలుదేరాడు.

చిన్నమ్మ చేతిలో కాయలు చేతిలోనే ఉండిపోయాయి.

"మళ్లొకసారి పెట్టు పాపా."

పెట్టాను. చూసింది. ఆయన వైపు తిరిగింది.

"నువ్వే."

ఆయన తల వంచుకున్నాడు. ఏదో తప్పు చేసి దొరికినవాడిలా.

"డైరెక్టరు అరిచినాడు. నష్టం మేము కట్టిస్తాము, తొక్కుకుంటా పోప్పా అన్నాడు. మళ్లా మళ్లా తీసినారు. ఆ తలకాయలోంచి ముందర ఏమీ కనపడదు, కాళ్ల కిందే కనపడేది. ఊడలు దిగే పైరు. యాడ కాలు పెట్టేది? నాకు చేత కాలేదు. పొద్దు గూకిపోయె, ఇంక అట్లే ఉంచినారు."

ఊడలంటే, తెలియనివాళ్లకు, కాయ కట్టడానికి మట్టిలోకి దిగే కాడలు. అప్పుడు తొక్కితే కాయ ఉండదు. వాన ఒకసారి పడితే మళ్లీ ఎప్పుడో తెలియని నేల మాది. ఆ చేను ఎవరిదో కూడా ఆయనకు తెలియదట.

చిన్నమ్మ లేచి వెళ్లి టీ పెట్టి ముందు ఆయనకే ఇచ్చింది. "ఇన్నేండ్లు నమ్మకపోతిని" అంది. ఆయన టీ తాగలేక కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

నిన్న మట్టి చేసి వచ్చాక, జనం పలచబడ్డాక, చిన్నమ్మ నా ఫోన్ అడిగింది. ఆ సీన్ మళ్లీ చూసింది. కింద జనాలు ఏం రాశారో చదవమంది.

చదివాను. "ఈ రాక్షసుడికి బుద్ధి లేదా, అడ్డంగా పోతే దొరికేది కదా" అని ఒకరు రాశారు. కింద నవ్వే బొమ్మలు.

చిన్నమ్మ నవ్వలేదు, కోప్పడలేదు.

"రాయి పాపా. నేను చెప్పినట్టే రాయి."

రాశాను.

"ఆయప్ప మా ఇంటాయన. పేరు ఓబులేసు. పైరు తొక్కడు."

చిన్నాయనా, నువ్వు పడుకున్న చోట నేల చల్లగా ఉండాలి. హాయిగా నిద్రపో.