వార్డులో చెప్పిన నిజం

ఒడిశాలోని కొరాపుట్ ఆస్పత్రిలో నేను నర్సుగా చేరిన కొత్తల్లో, పెద్దవాళ్లెవరైనా వార్డుకు వస్తున్నారంటే సంబరంగా ఉండేది. కొన్నాళ్లకి ఆ సంబరం పోయింది. ఎవరు వచ్చినా తంతు ఒకటే. పొద్దున్నే దుప్పట్లు మార్చడం, కిటికీలకు కొత్త తెరలు, ఒక్కో మంచం పక్కన పళ్ల సంచి. వచ్చినవాళ్లు మంచం కాళ్ల దగ్గర నిలబడి రెండు మాటలు అనేవాళ్లు, ఫొటో తీసేవాళ్లు, మేళం వెళ్లిపోయేది. పేషంటు మాత్రం తన నొప్పితో అక్కడే ఉండేవాడు. వాళ్లను తప్పుపట్టడం లేదు. పదవిలో ఉన్నవాళ్లకు అదీ ఒక పనే. కానీ దానివల్ల ఎవరికైనా ఊరట కలుగుతుందన్న నమ్మకం నాకు లేకుండా పోయింది.

అందుకే, గాయపడ్డ జవాన్లను చూడటానికి ఢిల్లీ నుంచి ఒక పెద్ద నాయకుడు వస్తున్నారని చెప్పినప్పుడు నాకు చిరాకే వేసింది.

ఆ జవాన్లు మా దగ్గరికి వచ్చింది వర్షాకాలంలో. కొండదారిలో మందుపాతర పేలి వాళ్ల బండి ఎగిరిపోయింది. మామూలుగా అయితే అలాంటివాళ్లను హెలికాప్టర్లో విశాఖపట్నం తీసుకుపోతారు. ఆ రోజు మబ్బు కొండల మీదనుంచి ఊళ్లోకి దిగిపోయింది, ఏ హెలికాప్టరూ ఎగరలేదు. మా డాక్టర్లే ఆపరేషన్లు చేశారు. వాళ్లలో ఒకడికి ఎడమకాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది.

అతను మా తెలుగువాడే. రాయగడలో వాళ్ల నాన్నకు హోల్‌సేల్ కిరాణా కొట్టు. నేను పుట్టి పెరిగింది రాయగడలోనే. మా అమ్మ విజయనగరం వైపు నుంచి టీచరు ఉద్యోగం మీద అక్కడికి వచ్చింది. మా ఇంట్లోకి పప్పూ ఉప్పూ వచ్చేది వాళ్ల కొట్టు నుంచే. కొట్టు చూసుకోమంటే వినకుండా ఆ అబ్బాయి సాయుధ బలగంలో చేరాడని అమ్మ ఎప్పుడో చెప్పగా విన్నాను. ఇప్పుడు మూడో మంచం మీద చూశాను.

మత్తు దిగి కళ్లు తెరవగానే అతను తన కాలు గురించి అడగలేదు. బండిలో తన పక్కన కూర్చున్న స్నేహితుడి గురించి అడిగాడు. రాయగడ జిల్లాలోనే, టిక్కిరి అవతల ఒక కొండ ఊరి కుర్రాడు. ఇద్దరూ ఒకే జిల్లా వాళ్లు కావడంతో ట్రైనింగులో దగ్గరై, ఆ తర్వాత ఒకర్నొకరు విడవలేదు. ఆ కుర్రాడు పేలుడు జరిగిన చోటే చనిపోయాడు. రెండో ఆపరేషన్ అయ్యేదాకా ఆ సంగతి చెప్పొద్దని డాక్టరుగారు అన్నారు. గాయం ఇంకా చీము పట్టే దశలో ఉంది, రక్తపోటు నిలవడం లేదు. ఆయన అన్నదాంట్లో న్యాయముంది. నేను సరేనన్నాను.

కానీ అతను అడగడం మానలేదు. నేను మాట మళ్లించేదాన్ని. కొట్టు మూసి వచ్చి మంచం పక్కనే కాపురం పెట్టిన వాళ్ల నాన్న మాత్రం ఒకరోజు తట్టుకోలేక, "ఆడు ఇసాపట్నం ఆస్పత్రిలో ఉన్నాడ్రా. బాగానే ఉన్నాడంట. ముందు నువ్వు తిను" అనేశాడు.

కొడుకు తండ్రి ముఖం వైపు చూశాడు. "మరి ఫోన్ కలపండి" అన్నాడు.

తండ్రి కంచం కింద పెట్టి వరండాలోకి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి కొడుకు ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్టినదాంట్లో ఒక్క ముద్దయినా తినకుండా పక్కకు జరిపేవాడు. డ్రెస్సింగ్ మారుస్తుంటే గోడవైపు తల తిప్పుకునేవాడు. తెగిన కాలిని ఒక్కసారి కూడా చూడలేదు.

రెండో ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు చెప్పేద్దామని నేను డాక్టరుగారితో అన్నాను. ఆయన కూడా ఒప్పుకున్నారు. ఇంతలో నాయకుడు వస్తున్నారన్న కబురు వచ్చింది. ఏర్పాట్లు చూడటానికి వచ్చిన ఒకాయన మా మాట విని, "రెండు రోజులు ఆగండి సిస్టర్, వాళ్లొచ్చి వెళ్లాక చెప్పుకోవచ్చు. కెమెరాల ముందు ఏడిస్తే బాగుండదు" అన్నాడు. కాలు కనిపించకుండా నడుం దాకా దుప్పటి కప్పమని కూడా చెప్పాడు.

నాకు ఒళ్లు మండింది. "నా పేషంటు ఏడవాలనుకుంటే ఏడుస్తాడు. కెమెరాలే లోపలికి రావు" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను మాత్రం నవ్వలేదు. కానీ పైనుంచి మాట రావడంతో డాక్టరుగారు కూడా ఆ రెండు రోజులు ఆగుదామన్నారు. నాయకుడు వచ్చే రోజు డ్యూటీ నాది కాకపోయినా అడిగి వేయించుకున్నాను.

ఆ రోజుకీ మబ్బు విడలేదు. హెలికాప్టర్ రాదు కాబట్టి ఆయన కూడా రారనే అందరూ అనుకున్నారు. మధ్యాహ్నం దాటాక తెలిసింది, విశాఖపట్నం నుంచి సాలూరు మీదుగా రోడ్డున వస్తున్నారని. పొట్టంగి దగ్గర కొండచరియ జారి దారి మూసుకుపోతే, ఆయన దిగి బురదలో నడిచి అవతలి బండి ఎక్కారట. వార్డు దగ్గరికి వచ్చినప్పుడు పంచె అంచు ఎర్రమట్టితో తడిసి ఉంది. టీవీలో కనిపించేదానికంటే పెద్దవయసు, సన్నటి మనిషి.

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. వెనకాల కెమెరాలు, మనుషులు, పళ్ల సంచులు. ముందున్న సెక్యూరిటీ మనిషి నన్ను తప్పుకోమన్నాడు.

"లోపల పచ్చి గాయాలున్నాయి. ఇంతమంది వస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. కెమెరాలు అసలే వద్దు" అని హిందీలో చెప్పాను. తలుపు దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు.

వెనక నుంచి ఆయన, "ఏమంటోంది సిస్టర్?" అని అడిగారు. అదే మాట ఆయనకూ చెప్పాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, వెనక్కి తిరిగి, "విన్నారు కదా, అందరూ బయటే ఉండండి" అన్నారు. తర్వాత నాతో, "చేతులు ఎక్కడ కడుక్కోవాలి తల్లీ?" అన్నారు.

చొక్కా చేతులు పైకి మడిచి మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకున్నారు. అది చూశాకే నేను పక్కకు తప్పుకున్నాను.

మంచాల కాళ్ల దగ్గర నిలబడలేదు ఆయన. స్టూలు లాక్కుని ప్రతి ఒక్కరి తల పక్కన కూర్చున్నారు. ఎక్కడ నొప్పిగా ఉంది, రాత్రి నిద్ర పడుతోందా, ఇంటి నుంచి ఎవరొచ్చారు, ఇవే అడిగారు. వీరులని, దేశం గర్విస్తోందని పెద్ద మాటలేమీ అనలేదు. మూడో మంచం దగ్గర కూర్చోగానే, అన్నాళ్లుగా నోరు విప్పని అబ్బాయి తనే హిందీలో మొదలుపెట్టాడు.

"సర్, ఒకటి అడగనా?"

"అడుగు బాబూ."

"నా పక్కన కూర్చున్నవాడు ఎక్కడున్నాడు? ఎవరూ చెప్పడం లేదు. మీకు తెలియకుండా ఉండదు. మీరు చెప్పండి."

ఆయన డాక్టరుగారి వైపు చూశారు. డాక్టరుగారు కొంచెం ఆలోచించి తల ఊపారు. తర్వాత నాయకుడు అబ్బాయి తండ్రి వైపు చూశారు. ఆ తండ్రి చేతులు రెండూ జోడించి తల దించుకున్నాడు. నాయకుడు స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుని అబ్బాయి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"అతను లేడు బాబూ. ఆ రోజే, ఆ చోటే ప్రాణం పోయింది. నీకు చెప్పలేక వీళ్లందరూ నలిగిపోతున్నారు."

ముందు అబ్బాయి ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత ఛాతీ లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది. మనిషి ఏడుపులా లేదది. మంచం ఊగిపోయేలా ఏడ్చాడు. ఆయన చెయ్యి వదల్లేదు, ఊరుకోమనలేదు. తలుపు దగ్గరికి ఒకరు వచ్చి టైమైపోతోందని గుర్తుచేస్తే, తల తిప్పకుండానే ఆగమన్నారు. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే వదిలేశారు.

అబ్బాయి కాస్త తేరుకున్నాక ఆయన అన్నారు. "ఇక్కణ్నుంచి నీ స్నేహితుడి అమ్మ దగ్గరికే వెళ్తున్నాను. ఏమైనా చెప్పమంటావా?"

అబ్బాయి రెండో చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "చెప్పాల్సింది ఉంది సర్. కానీ మీరు చెప్పొద్దు. నేనే వెళ్లి చెప్తాను. నడిచి వెళ్లి చెప్తాను."

"అయితే నువ్వు వస్తున్నావని మాత్రం చెప్తాను. చెప్పనా?"

"చెప్పండి."

ఆయన లేచి ఆ తండ్రి భుజం మీద చెయ్యి వేసి, బయటికి వెళ్లిపోయారు. 

వాళ్లు వెళ్లాక తండ్రి నన్ను వరండాలోకి పిలిచాడు. "ఏటమ్మా, పెద్దాయన అలగ సెప్పీసేడు. ఈడు తట్టుకోగలడేటి?"

"అబద్దం తట్టుకోలేక కదా బాబాయ్, ఇన్నాళ్లూ తిండి మానేసేడు. ఏడవనీండి" అన్నాను. ధైర్యంగానే అన్నాను కానీ, లోపల నాకూ భయమే.

ఆ రోజు అతను అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్న డ్రెస్సింగ్ ట్రే తీసుకుని వెళ్తే, "అక్కా, కట్టు ఇప్పినాక నాకు సూపించండి" అన్నాడు. తల కింద ఇంకో దిండు పెట్టాను. కట్టు విప్పుతుంటే రెప్ప వాల్చకుండా చూశాడు. పెదవులు పాలిపోయాయి. "దీనికి కాలు ఎప్పుడు పెడతారు?" అని అడిగాడు.

"ముందు వాపు తగ్గాలి. నువ్వు తినాలి. తొడలో బలం రావాలి."

"ఏటి సెయ్యాలో సెప్పండి. సేస్తాను."

చేశాడు. అది చెప్పినంత తేలిక కాదు. చంక కర్రలతో వరండాలో మొదటిసారి లేచినప్పుడు, లేని కాలు ఉందనుకుని ముందుకు వేసి బోర్లా పడ్డాడు. కుట్టు దగ్గర రక్తం కారింది. నేను పరుగెత్తుకెళ్తే, "ముట్టుకోకండి, నానే లెగుస్తాను" అని అరిచాడు. లేని పాదంలో మంటపుడుతోందని కొన్ని పూటలు పళ్లు బిగించి మంచం కమ్మీ పట్టుకునేవాడు. ఒకసారి కోపంలో కర్ర విసిరికొట్టాడు. తండ్రి దాన్ని తెచ్చి మాట్లాడకుండా మంచానికి ఆనించాడు. కాసేపటికి కొడుకే తీసుకుని లేచాడు. ఎప్పుడు అలసిపోయినా ఒకటే మాట అనేవాడు. "ఆయన ఆళ్లమ్మకి సెప్పీసుంటారు అక్కా, నానొస్తన్నానని. బేగి ఎల్లాలి."

విశాఖపట్నంలో కృత్రిమ కాలు అమర్చారు. వలిసె చేల పూలు కొండవాలులన్నీ పసుపుపచ్చగా కమ్మేసిన రోజుల్లో అతను నాకు ఫోన్ చేశాడు. "అక్కా, ఆళ్లమ్మ దగ్గరికెల్తన్నాను, మీరూ రండి. గాయం చిట్లితే సూసుకోడానికి" అన్నాడు. నేను సెలవు పెట్టాను.

తండ్రి జీపు మాట్లాడాడు. డొరగుడ అల్యూమినా ఫ్యాక్టరీ లారీల వెనకే పోయి, టిక్కిరి దాటి, పక్క రోడ్డులోకి తిరిగాం. జీపు ఊళ్లోకే పోతుందని డ్రైవరు అన్నాడు. అబ్బాయి వినలేదు. ఊరు కనిపించగానే ఆపించాడు.

"ఎందుకురా ఈ మొండితనం, ఎవులు సూడొచ్చేరు?" అన్నాడు తండ్రి.

"నడిసొస్తానని సెప్పేను నాన్నా."

చేను గట్టు మీదుగా దారి. రాళ్లు, అక్కడక్కడ తడి. చేతికర్ర ఊతంతో ఒక్కో అడుగూ చూసుకుని వేశాడు. మేము వెనక నడిచాం. సగం దారిలోనే మమ్మల్ని ఎవరో చూసి కేకేసినట్టున్నారు. వరసగా ఉన్న ఇళ్ల మధ్య నుంచి ఒక పొట్టి ముసలామె గబగబా ఎదురొచ్చింది. దగ్గరికి వచ్చి అతని ముఖం చూసి, ఆ తర్వాత కాలు చూసింది. ఒడియాలో, "నువ్వేనా?" అంది.

"నేనేనమ్మా" అన్నాడు అతను.

అరుగు మీద కూర్చున్నాం. ఢిల్లీ పెద్దమనిషి వచ్చిన సంగతి ఆమే చెప్పింది. ఇదే అరుగు మీద కూర్చుని, ఆమె ఇచ్చిన మండియా జావ, అంటే రాగి అంబలి, తాగి, "నీ కొడుకు స్నేహితుడు నడవడం నేర్చుకుని వస్తాడు. నీకు చెప్పాల్సిన మాటొకటి తెస్తాడు" అన్నారట. "ఏం మాట?" అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

వాళ్ల కథ నాకు అప్పుడే తెలిసింది. ఆఖరిసారి ఫోన్లో తల్లీకొడుకులు పెళ్లి విషయంలో గొడవపడ్డారు. పెళ్లికి ఒప్పుకునేదాకా నాకు ఫోన్ చెయ్యకు అని ఆమె పెట్టేసింది. తర్వాత ఫోన్ రాలేదు. శవం వచ్చింది.

"వాడికి కోపం లేదమ్మా" అన్నాడు అబ్బాయి. "ముందురోజు సాయంత్రం నీకు ఫోన్ చెయ్యాలని సిగ్నల్ కోసం బండరాయి ఎక్కాడు. దొరకలేదు. దిగి వచ్చి నవ్వుతూ, మా అమ్మ గెలిచింది, ఆ అమ్మాయినే చేసుకుంటానని చెప్పేస్తాను అన్నాడు. మేం క్యాంపుకు చేరాక చేద్దామనుకున్నాడు."

ఆమె ఇంకా దగ్గరికి జరిగింది. "నవ్వాడా?" అంది.

"నవ్వాడమ్మా."

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాడు. మొదట్నుంచి, బండరాయి ఎక్కడం దగ్గర్నుంచి చెప్పాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను ఊరుకోమనలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

తిరిగి జీపు దగ్గరికి వచ్చేసరికి తెగిన కాలికి తొడిగిన మేజోడు రక్తంతో ఎర్రబడింది. రోడ్డు పక్కనే కూర్చోబెట్టి కడిగి కట్టు కట్టాను. తిట్టాను కూడా. అతను తిట్లన్నీ ఓపిగ్గా విన్నాడు.

ఆ నాయకుడి పార్టీ ఏదో, రాజకీయం ఏదో నాకు పట్టలేదు. ఆ తర్వాత ఎన్నికల్లో ఆయన ఏమన్నారో కూడా నేను వినలేదు. ఒక మనిషి అడిగినదానికి జవాబు చెప్పి, ఆ జవాబు పెట్టిన నొప్పి దగ్గర్నుంచి లేచిపోకుండా కూర్చోవడం మాత్రం నేను ఆ పదవిలో ఉన్నవాళ్లలో మొదటిసారి చూశాను. ఇప్పుడు మా వార్డుకు ఎంత పెద్దవాళ్లు వచ్చినా తలుపు దగ్గర నేనే ఉంటాను. చేతులు కడుక్కోమంటాను, స్టూలు చూపిస్తాను. కొందరు కూర్చుంటారు. కొందరు కూర్చోరు. చెప్పడం మాత్రం మానను.

ఆ అబ్బాయి ఇప్పుడు కొరాపుట్‌లోనే, బలగం ఆఫీసులో పనిచేస్తున్నాడు. సెలవు దొరికితే ఆ తల్లి దగ్గరికి వెళ్తాడు. మాచ్‌ఖండ్ దగ్గర లారీ కింద పడి కాలు పోయిన ఒక కూలీ ఈమధ్య మా వార్డులో చేరి, ఎవరితోనూ మాట్లాడటం లేదని ఈ అబ్బాయికి ఫోన్ చేశాను. సాయంత్రానికి వచ్చాడు. చేతులు కడుక్కుని, మంచం తలవైపు కూర్చుని, ప్యాంటు మోకాలి దాకా పైకి లాగి చూపించాడు. "ఏటి అడగాలనుందో అడుగన్నా" అన్నాడు. ఆ కూలీ మెల్లగా ఏదో అడగడం మొదలుపెట్టాడు. నేను మిగతా మంచాలు చూసుకోవడానికి వెళ్లాను.