అవ్వతో సహా అమ్మకం

"మీరొచ్చినాక నా మంచం ఈడనే ఉండనిస్తారా, లోపలి గదిలోకి మారుస్తారా అమ్మా?" అని వరండాలో కూర్చున్న అవ్వ వక్కాకు నములుతూ అడిగిన ఆ క్షణంలో, తెల్లారితే బయానా ఇవ్వబోతున్న ఆ చిత్తూరు ఇంటి విషయంలో ఏదో తేడా ఉందని మొదటిసారి నాకు తట్టింది.

తిరుపతిలో తను కొనబోయే ఫ్లాటును ఇవాళ మా చెల్లెలు ఫోనులో చూపించింది. గదులన్నీ తళతళలాడుతున్నాయి, మనిషి జాడ లేదు. అప్పుడు గుర్తొచ్చింది కొన్నేళ్ల కిందటి ఆ అవ్వ. పిల్లలు పడుకున్నాక ఇలా రాస్తున్నాను.

మేమేమీ అజాగ్రత్తగా లేము. మా మామగారు ఐరాల నుంచి పిలిపించిన వాస్తు పెద్దమనిషి, ఈశాన్యం కొలవడానికి అవ్వను మంచంతో సహా పక్కకు జరిపించాడు. ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీ కూడా తీయించాం. బీకాం చదివిన నేనే దాన్ని చూసి, బ్యాంకు తాకట్టు లేదని తేలగానే మడిచి దేవుడి పటం వెనక పెట్టాను. అవ్వ, ఇల్లు అమ్ముతున్న ఆయన తల్లి కాబోలు, వాళ్లతోపాటే వెళ్లిపోతుంది కాబోలు అనుకున్నాం తప్ప, పెద్దావిడను నువ్వెవరని అడగడం మర్యాద కాదని ఎవరమూ అడగలేదు. ఆమె ఇచ్చిన మజ్జిగ మాత్రం వెళ్లినప్పుడల్లా తాగి వచ్చాం.

ఆ సాయంత్రం మా ఆయన ఇల్లమ్మే మనిషిని నిలదీస్తే అసలు సంగతి తేలింది. అమ్మే ఆయన అవ్వకు మరిది కొడుకట. అవ్వ భర్త ఇల్లు ఇతనికి రాసిస్తూ, తన భార్య బతికున్నంత కాలం అందులోనే ఉండే హక్కు పెట్టి సెటిల్మెంటు దస్తావేజు రిజిస్టరు చేయించాడట. ఇల్లు ఎవరు కొన్నా ఆ హక్కు పోదట. ధర ఎందుకంత తక్కువో అప్పుడర్థమైంది. ఇంత సంగతి దాస్తావా అని మా ఆయన అంటే అమ్మే ఆయన నొచ్చుకున్నాడు.

"దాచిపెట్టిందేముండాదప్పా? మీరు వచ్చినప్పుడల్లా ఎదురుగానే కూర్చోని ఉండె గదా."

చివరికి అవ్వే నన్ను ఓదార్చింది.

"నేనుండేదాకా నాది, పోయినాక నీది. ఇంకెంత కాలం ఉంటాను అమ్మా?"

ఆ మాట అని లేచి, పెరటి బావిలో నీళ్లు తోడి, బిందె చంకనెత్తుకుని చకచకా నడిచి వచ్చింది. ఆ నడక చూసి మా మామగారు, ఈమె నన్ను కూడా సాగనంపేట్టుందని గొణిగారు. మేము బయలుదేరేటప్పుడు అవ్వ ఒకసారి దగ్గింది. నేను చటుక్కున వెనక్కి తిరిగి చూశాను. ఎందుకంత ఆత్రంగా చూశానో నాకే తెలిసిపోయింది.

ఇప్పుడు ఇళ్లు ఖాళీగా, శుభ్రంగా అమ్మకానికి వస్తున్నాయి. ఎవరి హక్కు ఏమిటో మజ్జిగ ఇచ్చి మరీ చెప్పేవాళ్లు వాటిలో ఉండరు.

ఆ ఇంటి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున, అక్కడ ఏ గది ఎవరిదో అప్పటికే కొట్లాడి పంచుకున్న పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను.

"ఆ ఇల్లు మనకొద్దు నాయనా. ఆడుంటే, అవ్వ ఎప్పుడు పోతాదా అని రోజూ కాచుకోనుండాల. అట్ల బతికేది మనకు చేతకాదు."