రేపల్లె ఐసు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ తెనాలంతా చెప్పుకునేది. నిజమే, ఎందుకు కాదనాలి! మా వీధిలో ఎవరికైనా ఏదైనా విషయం తెలియాలంటే నా చెవిన వేస్తే చాలు, మైకు కట్టక్కర్లేదు. అలాంటి నేను జన్మలో ఒకే ఒక్కసారి ఒక మాటని ఎనిమిది రోజుల పాటు కడుపులో దాచుకున్నాను. తీరా చూస్తే అది దాచకూడని మాట.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తి చేసి, ఉద్యోగం లేక ఇంట్లో మా నాన్న కుట్టిన చొక్కాలకి కాజాలు కుడుతున్నాను. డిగ్రీలో మాకు కెమిస్ట్రీ చెప్పిన మేడమ్ కబురు పెట్టారు. "నా పీహెచ్‌డీ పని ఆఖరికొచ్చిందమ్మా. ల్యాబులో చేతిసాయం కావాలి, వస్తావా?" అడగడమే ఆలస్యం, సూదీ దారం అక్కడే పడేసి వెళ్ళాను.

ఆవిడకి అప్పటికి యాభై రెండేళ్ళు. నాలుగింటి దాకా క్లాసులు, ఆ తర్వాత ల్యాబు. ఆదివారం చర్చి అయిపోగానే కట్టిన తెల్లచీర మీదే మరకల కోటు తొడుక్కుని వచ్చేసేవారు. మా దగ్గర కోల్డ్ రూము లేదు, సెంట్రిఫ్యూజు పక్క కాలేజీ వాళ్ళని బతిమాలి తెచ్చుకున్నది. అయినా ఆవిడ పని చూసి తీరాలి! పది నాళికల్లో ద్రవం పోస్తే పదింటిలోనూ మట్టం ఒక్కటే. మంచి టైలరు కత్తెర ఎలా పడతాడో చూస్తూ పెరిగినదాన్ని, పనితనం ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు. మేడమ్‌ది అలాంటి చెయ్యి.

పని ఏంటంటే, రొయ్య తలలో కార్జం లాంటి మెత్తటి భాగం ఉంటుంది. అందులోంచి ఒక ఎంజైము తీసి మందు కలిపితే నాళికలో పసుపు రంగు తేలుతుంది. ఎంజైము ఎంత చురుగ్గా ఉంటే రంగు అంత చిక్కన. బాపట్ల వైపు చెరువుల రొయ్యలు చిక్కటి పసుపు ఇచ్చేవి, రేపల్లె వైపువి వెలిసిపోయిన రంగు. రెండేళ్ళుగా ప్రతిసారీ అంతే. రేపల్లె చెరువుల్లో ఉప్పెక్కువ, అందుకే అక్కడ ఎంజైము నీరసిస్తోందని మేడమ్ తేల్చారు. థీసిస్‌కి వెన్నెముక ఆ అధ్యాయమే. టైపు చేయించడం కూడా అయిపోయింది. బైండింగు చేయించి జూన్ నెలాఖరులోగా ఇవ్వాలి, ఇక పొడిగించేది లేదని యూనివర్సిటీ ఉత్తరం రాసింది. ఇంకా ఐదు వారాలుంది కదా, ఒక్క సెట్టు మళ్ళీ చేసి చూపించమని గైడుగారు అడిగారు. ఆ రొయ్యల కోసం నేను రేపల్లె ప్యాసింజరు ఎక్కాను.

మే నెల ఎండ. చెరువులో పట్టిన రొయ్యలు ఒలిచే షెడ్డుకొచ్చాయి. తలలు విప్పి, మెత్తటి భాగం సీసాలో వేసి, వేడి తగలకుండా అందులోనే ఐసు చితక్కొట్టి కలపాలి. అది మా పద్ధతి. గొంతు ఎండిపోయి నేనొక ఐసుముక్క నోట్లో వేసుకున్నాను. పక్కనే రొయ్యలు ఒలుస్తున్న ఆవిడ కెవ్వుమంది.

"ఉమ్మెయ్, ఉమ్మెయ్! నీ తెలివి తెల్లారినట్టే ఉంది. అది తినే ఐసు కాదమ్మాయ్, చేపలకేసేది. నీళ్ళల్లో బ్లీచింగ్ కలుపుతారు."

"ఎప్పట్నుంచి పిన్నీ?"

"ఎప్పట్నుంచేంటి, ఎప్పుడూ అంతే. వాసన తెలీట్లా?"

అప్పుడు తెలిసింది. రొయ్యల కంపులో అన్నాళ్ళూ తెలియలేదు. బ్లీచింగు తగిలితే ఎంజైము చస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని! బాపట్లలో మేము స్టేషను పక్క సోడాకొట్టు ఐసు కొనేవాళ్ళం. రేపల్లెలో షెడ్డు ఐసు. ఐసు ఎక్కడైనా ఐసే కదా అనుకున్నాం. తేడా చెరువుల్లో లేదు, మా సీసాల్లో ఉంది.

తెనాలి వచ్చేదాకా రైల్లో ఆ సీసాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మర్నాడు పరీక్ష చేస్తే మళ్ళీ వెలిసిపోయిన రంగే. "చూశావా, మళ్ళీ అంతే!" అని మేడమ్ చిన్నపిల్లలా సంబరపడిపోయారు. ఆ మొహం చూశాక నాళికలు కడిగే వంకతో పక్కకి తప్పుకున్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఎనిమిది రోజులు గడిపాను. పిరికిదాన్ని, అంతే. వేరే పేరు పెట్టుకోవడం అనవసరం.

తొమ్మిదో రోజు ఆవిడ కాగితాలు సంచిలో సర్దుకుని బైండింగు షాపుకి బయల్దేరుతుంటే గుమ్మానికి అడ్డం నిలబడి మొత్తం కక్కేశాను. అంతటితో ఊరుకున్నానా? "ఎవరికి తెలుస్తుందండి మేడమ్, ఇచ్చేయండి" అని కూడా అన్నాను. తల్చుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"పోయిన వారం మంగళవారమండి."

గోడమీద క్యాలెండరు వైపు ఒక్కసారి చూశారు. "మనకి రొయ్యలిచ్చే ఆ రేపల్లె రైతుకి నీ చెరువు నీళ్ళు బాగాలేవని చెప్పేశానే నేను" అన్నారు. సంచిలోంచి కాగితాలు బయటికి తీశారు.

రెండ్రోజుల్లో పరీక్ష పెట్టాం. రొయ్యలన్నీ బాపట్లవే, ఒకే చెరువువి. ఒక సీసాలో సోడాకొట్టు ఐసు, ఒకదాంట్లో నేను ఊకలో కప్పి మోసుకొచ్చిన రేపల్లె ఐసు. మూడో సీసాలోనూ రేపల్లె ఐసే, కానీ ముందుగా కాస్త హైపో కలిపి.

"మూడోదెందుకండి? రెండు చాలుగా" అన్నాను.

"రెండైతే ఐసులో తేడా ఉందని చెప్తాయి. అది బ్లీచింగేనని ఎవరు చెప్తారు? హైపో వేస్తే బ్లీచింగు విరిగిపోద్ది. అప్పుడు రంగొచ్చిందనుకో, దొంగ దొరికినట్టే."

తన థీసిస్ మెడకి ఉరి బిగించే ముడిని అంత శ్రద్ధగా వేస్తున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. మొదటి నాళిక చిక్కటి పసుపు. రెండోది వెలవెల. మూడోది ఓ నిమిషం బెట్టు చేసి, మెల్లగా పచ్చబడుతూ మొదటిదాని సరసన చేరింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ మాత్రం నాళికని కిటికీ వెలుగులోకి ఎత్తి, "అబ్బ, ఎంత శుభ్రంగా వచ్చిందో చూడవే!" అన్నారు. నిజంగా మురిసిపోయారు. రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయిన పూట, పరీక్ష బాగా కుదిరిందని మురిసిపోయారు! సైన్సు అంటే ఏంటో నాకు ఆ క్షణానే తెలిసింది, ఎమ్మెస్సీలో కాదు.

ఆ అధ్యాయం చింపేసి మళ్ళీ మొదటికొచ్చాం. కాలేజీ ఫ్రిజ్‌లో మేమే ఐసు పెట్టుకుని, ఏ చెరువులో రొయ్యలు పడుతుంటే అక్కడికి పరిగెత్తాం, ఒకరోజు బాపట్ల, ఒకరోజు రేపల్లె. రేపల్లె వెళ్ళిన మొదటి రోజునే ఆవిడ ఆ రైతు దగ్గరికెళ్ళి, "నీ నీళ్ళు బాగానే ఉన్నాయి బాబూ, తప్పు నాది" అని చెప్పి వచ్చారు. ఆఖరికి రెండు వైపులా ఒకే పసుపు. "తేడా లేదు" అని అధ్యాయం కొత్తగా రాసి, టైపు చేయించి, తీసుకెళ్ళి ఇచ్చేసరికి గడువు దాటి ఐదు రోజులైంది. తీసుకోలేదు. మళ్ళీ మొదట్నుంచి రిజిస్టరు చేసుకోమన్నారు. ఆవిడ చేసుకోలేదు.

ఆవిడ రిటైరైన రోజు కాలేజీలో సభ పెట్టారు. ఆహ్వానపత్రంలో వేదిక మీద వాళ్ళందరి పేర్లకీ ముందు డాక్టరు ఉంది, ఆవిడకి తప్ప. మైకు ఇవ్వగానే నన్ను పైకి పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. "నా పనిలో తప్పు పట్టుకున్నది ఈ అమ్మాయే. తను చెప్పకపోతే నేను అబద్ధం మీద సంతకం పెట్టి ఉండేదాన్ని" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తలెత్తలేకపోయాను. ఆలస్యమైంది ఐదు రోజులు, నేను దాచింది ఎనిమిది రోజులు. ఒక్క అంకె తేడా వస్తే అన్నం సహించని మనిషి, ఆ తీసివేత మాత్రం ఎవరి దగ్గరా చెయ్యలేదు. నా దగ్గర కూడా.