డ్రమ్మరెవరని అడిగారు

టైలరమ్మ కూతురు 'ఎమో' అనే ఇంగ్లీషు రకం పాటలు పాడుతుంది. అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, "మనం లోపల ఏడ్చేది అది మైకు పెట్టి ఏడుస్తుంది" అంటుంది టైలరమ్మ. ఇంట్లో ఆ పిల్ల పేరు ఏడుపుగొట్టు. బయటివాళ్లు ఆ మాటంటే మాత్రం టైలరమ్మ కత్తెర పక్కన పెట్టి మరీ పోట్లాటకు దిగుతుంది.

పగలు చెప్పుల దుకాణంలో పని, సాయంత్రం పాట. రాసేదీ, గిటారు వాయించేదీ, పాడేదీ, ఫోన్లో రికార్డు చేసేదీ తనొక్కతే. గది గోడలు మార్మోగుతాయని బట్టల బీరువాలో దూరి, కుట్టి ఇవ్వాల్సిన కోట్ల మధ్య ముడుచుకుని పాడేది. ఉక్కతో చచ్చేదే గానీ, మానేది కాదు.

పాడే ముందు తల్లికి చెప్పి కుట్టుమిషన్ ఆపించడం అలవాటు. ఒకరోజు ఆ సంగతి మరిచిపోయింది. మిషన్ చప్పుడంతా పాటలో పడింది. చూసుకోకుండా దాన్నే నెట్‌లో పెట్టేసింది. మర్నాటికల్లా ముక్కూమొహం తెలియనివాళ్లు "ఆ డ్రమ్మరెవరు?" అని అడగడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే ఒక కాఫీ హోటల్ యజమాని మేడమీద గదిలో పాడమని పిలిచాడు. అదే పిల్ల మొదటి కచేరీ. డ్రమ్మర్ని తప్పకుండా తీసుకురమ్మన్నాడు.

"నలుగురిలో నేను మిషన్ తొక్కాలా? సిగ్గు లేకపోతే సరి" అంటూనే టైలరమ్మ మిషన్‌కు నూనె వేసింది. ఆమె సంబరం అంతా ఇంతా కాదు. కానీ ఒక్క చిక్కుంది. ఆ పాట పిల్ల తండ్రి గురించి. తలుపు వేసేసి వెళ్లిపోయాడని ఉంది అందులో. ఆ తలుపు వేసింది టైలరమ్మే. పన్నెండేళ్లుగా ఆ మాట కడుపులోనే దాచుకుంది. చెబితే ఉన్న ఒక్క పిల్లా దూరమవుతుందని ఆమె భయం.

సాధన మొదలైంది. తలుపు మాట రాగానే టైలరమ్మ కాలు ఆగిపోయేది. మూడుసార్లూ అదే తంతు.

"అక్కడే ఎందుకాపుతున్నావమ్మా? దారం తెగుతోందా?"

"దారం బానే ఉంది." టైలరమ్మ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచింది. "తలుపు మీ నాన్న వెయ్యలేదే. నేనే వేశాను. గొడవపడి వీధిలోకి దిగాడు. తిరిగొచ్చేసరికి గడియ పెట్టేశాను."

పిల్ల తీగల మీది నుంచి చెయ్యి తీసేసింది.

"తట్టాడా?"

"తట్టాడు."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. రెండోసారి తడితే తీద్దామని గడియ మీద చెయ్యి పెట్టుకుని సాయంత్రందాకా అక్కడే నిలబడ్డాను."

కూతురు గిటారు పక్కన పెట్టి, వచ్చి తల్లి పక్కనే నేల మీద కూర్చుంది. ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

"పాటలో ఆ మాట దగ్గర అలాగే ఆపమ్మా" అంది. "నేనూ ఆపుతాను. కాసేపు ఇద్దరం ఆగుదాం."