నవల్లో ఇల్లు చేరిన పిల్ల

మా అమలాపురం ఇంట్లో పై వాటా కిందటేడు ఓ ఫ్రెంచావిడకి అద్దెకిచ్చాం. అరవై దాటిన మనిషి. నవలలు రాస్తుంది, పత్రికలకీ రాస్తుంది. మా వైపు నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళ గురించి రాద్దామని వచ్చింది. ఆవిడ ఇంగ్లీషుని తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. దక్కిందల్లా రోజూ ఓ కొబ్బరి బొండాం.

ఆ బొండాలు తెచ్చేది పక్కింటి పిన్ని. ఆవిడ కూతురు గల్ఫ్‌లో ఓ ఇంట్లో పనికి కుదిరింది. కొన్నాళ్ళు ఫోన్లు చేసింది, తర్వాత అవీ లేవు. పంపిన ఏజెంటు ఫోనెత్తడు. పిన్ని తిరగని ఆఫీసు లేదు. పేపర్లకి రాసే మేడం దిగిందనగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఫ్రెంచావిడ తన కథ చెప్పేది. పత్రికలో చేరిన కొత్తలో వంటలూ బట్టలూ తప్ప ఆడవాళ్ళని ఇంకేమీ రాయనిచ్చేవారు కాదట. పోట్లాడి రేవులకీ, జైళ్ళకీ వెళ్ళిందట. ఓసారి పరాయి దేశం నుంచి పనికొచ్చి మాయమైపోయిన పిల్ల గురించి నెలల తరబడి రాసిందట.

పిన్ని ఒకటే అడిగింది. "ఆ పిల్ల ఇంటికొచ్చేసిందా అండీ?"

రాలేదు. అది తట్టుకోలేకే ఆవిడ మొదటి నవల రాసిందట. అందులో పిల్ల ఇల్లు చేరుతుంది. ఆ పుస్తకంతోనే ఆవిడకి పేరొచ్చింది. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆవిడ తల దించుకోవడం చూసి జాలీ వేసింది.

"రాయడం తప్ప నాకేమీ చేతకాదని ఆమెతో చెప్పు" అంది. ఎలాగో చెప్పాను.

"ఆయ్" అంది పిన్ని. మర్నాడూ బొండాలు తెచ్చింది.

ఫ్రెంచావిడ తన ఊరెళ్ళాక వ్యాసం అచ్చయింది, పిన్ని ఫొటోతో సహా. ఫోన్లో చూపించి, చదివి చెప్పాను. ఎక్కణ్ణుంచీ ఏ కబురూ రాలేదు. నిన్న పిన్ని మా గుమ్మంలో వచ్చి కూలబడింది.

"మేడం గారికి ఓసారి ఫోన్ చేత్తావా అమ్మాయ్? పేపర్లో రాస్తే అవలేదు కదా, నవల్లో రాయమని అడుగు. అందులో అయితే పిల్లలు వచ్చేస్తారంట కదా."

"అలాగే పిన్నీ" అన్నాను.

వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగింది.

"వాకిట్లో నిలబెట్టి, ఎర్రనీళ్ళతో దిష్టి తీసేకే లోపలికి రానిచ్చినట్టు రాయమను. ఆవిడకి మన పద్ధతులు తెలీవు కదా, పాపం."