క్లారినెట్టు పన్ను

మా దారం మిల్లు బ్యాండులో మొదటి క్లారినెట్టు నాది. ఎవరూ అడగకపోయినా ఈ మాట చెప్పే అలవాటు నాకుంది. బస్సులో పక్క సీటువాళ్ళకి చెప్పాను, మా ఆవిడ తరఫు చుట్టాలకి చెప్పాను, ఒకసారి గ్యాసు సిలిండరు తెచ్చినతన్ని గుమ్మంలో ఆపి మరీ చెప్పాను. పగలంతా నేను మిల్లు గోడౌనులో దారం కండెలు తూకం వేయించి, అట్టపెట్టెల్లో సర్దించే గుమాస్తాను. సాయంత్రం షిఫ్టు మారాక అదే గోడౌనులో, అవే అట్టపెట్టెల మధ్య కళాకారుణ్ణి.

కళాకారుడన్నాక ఒక సిద్ధాంతం ఉండాలి కదా, నాకూ ఉండేది. క్లారినెట్టు ఊపిరితో వాయించేదని అందరూ అనుకుంటారు. కాదు, పళ్ళతో వాయించేది అనేవాణ్ణి. నోట్లో పెట్టుకునే కొసకి కింద రీడు అనే పలచటి రెల్లు బద్ద ఉంటుంది, దాన్ని కింది పెదవి మోస్తుంది. పైన మాత్రం ముందరి పళ్ళు నేరుగా ఆనుతాయి. అవి గట్టిగా, వరసగా ఉంటేనే స్వరం నిలబడుతుందని నా వాదన. అందుకని బ్యాండులో చేరతామని ఎవరొచ్చినా వాయించమనేవాణ్ణి కాదు, నోరు తెరవమనేవాణ్ణి. సంతలో ఎద్దుని బేరమాడేవాడిలా పళ్ళు చూసి, సందులున్నవాళ్ళని డ్రమ్ముల వైపు పంపేసేవాణ్ణి. మా బ్యాండు మాస్టరుగారు పెద్దమనిషి, ఈ పళ్ళ వ్యవహారం నాకే వదిలేశారు. ఫలితంగా మా బ్యాండులో అవసరానికి మించి డ్రమ్ములున్నాయి.

నా సిద్ధాంతానికి నేను చూపించే సాక్ష్యం మా తోడల్లుడు. అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. మిల్లులోనే అద్దకం విభాగంలో పని. పెళ్ళైన కొత్తలో అతను క్లారినెట్టు వచ్చంటే నోరు తెరిపించి, పళ్ళంటే ఇవీ అని నలుగురికీ చూపించి, రెండో క్లారినెట్టు చేతికిచ్చాను. నెమ్మదైన మనిషి. అతనికున్నది ఒక్కటే చాదస్తం. ఎక్కడ తిన్నా, తినగానే కుళాయి దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడి చాలాసేపు నోరు కడుక్కుంటాడు. దానికి నేను అతనికి కుళాయి అని పేరు పెట్టాను. మనుషులకి పేర్లు పెట్టడం నా రెండో కళ. మాస్టరుగారు ఉరుము, మా మేనేజరు రేపుచూద్దాం. నాకు మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదని నా గట్టి నమ్మకం.

ఆ ఏడు మిల్లు వార్షికోత్సవానికి మాస్టరుగారు రిటైరవుతున్నారు. ఆయన కోసం ఒక నెమ్మదైన పాట సిద్ధం చేస్తున్నాం. మొదట్లో బ్యాండంతా ఊరుకుంటుంది, ఒక్క క్లారినెట్టే వినిపిస్తుంది. ఆ ఒక్కటీ నాది. సరిగ్గా ఆ రిహార్సళ్ళ మధ్యలో నా పై వరస ముందరి పన్ను, నేను ముద్దుగా క్లారినెట్టు పన్ను అని చెప్పుకునేది, సలపడం మొదలుపెట్టింది. వాద్యం నోట పెట్టి స్వరం తీయగానే ఆ అదురు పంటి గుండా ఎక్కి మాడులో మోగేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అది చూసి మాస్టరుగారు ఎంత భావంతో వాయిస్తున్నావయ్యా అని మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమంది. నేను వెళ్ళనన్నాను. కారణం ఆవిడకి చెప్పలేదు గానీ ఇక్కడ చెబుతాను. నా ముందు మొదటి క్లారినెట్టు వాయించిన పెద్దాయనకి ముందరి పళ్ళు పోయాయి. ఆయన్ని వెనక వరసలో కూర్చోబెట్టి రెండు ఇత్తడి తాళాలు చేతికిచ్చారు. మాస్టరు చెయ్యెత్తినప్పుడు ఒకసారి ఝణ్ అనిపించడం, మళ్ళీ చెయ్యెత్తేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం. రిటైరయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. పళ్ళ డాక్టరంటే నాకు సూది కాదు, పట్టకారు కాదు. ఆ తాళాలు కనిపించేవి. క్లారినెట్టు లేకపోతే నేను కండెలు తూకం వేసే మనిషిని, అంతే. ఆ భయం పంటినొప్పి కంటే ఎక్కువగా ఉండేది.

కాబట్టి ఇంట్లోనే వైద్యం మొదలైంది. మొదట మా ఆవిడ గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు కలిపి పుక్కిలించమంది. కాస్త తగ్గింది. తగ్గినందుకే నాకు నమ్మకం కుదరలేదు. ఒక కళాకారుడి నొప్పి గ్లాసుడు ఉప్పునీళ్ళకి లొంగిపోవడం చిన్నతనంగా అనిపించి, మానేశాను.

తర్వాత లవంగం. దవడ పన్నుకైతే లవంగం బుగ్గలో దాక్కుంటుంది. ముందరి పన్నుకి పెట్టుకుంటే పెదవి కింద నుంచి తల బయటపెట్టి చూస్తుంది. తూకం దగ్గర ఒక లారీ డ్రైవరు నా మొహంలోకి తేరిపార చూసి, పురుగు వాలిందనుకుని తువ్వాలు విసిరాడు. మా అక్క ఫోనులో వెల్లుల్లి నూరి పెట్టమంది. పెట్టాను. నొప్పి అలాగే ఉంది గానీ ఆ రోజు నాతో ఎవరూ ఎక్కువసేపు మాట్లాడలేదు. పక్కింటాయన వేడి కాపడం అన్నాడు. ఇస్త్రీపెట్టె మీద గుడ్డ కాచి పెదవికి ఒత్తుకున్నాను. హాయిగా ఉంది. కాసేపటికి అద్దంలో చూసుకుంటే పై పెదవి ముక్కుని అందుకునేలా ఉంది.

అన్నిటికంటే గొప్పది మా ప్యాకింగు మేస్త్రీ చెప్పిన వైద్యం. నొప్పి మాత్ర మింగితే కడుపులోకి పోతుంది, నొప్పి ఉన్నది కడుపులో కాదు కదా అన్నాడు. ఆ తర్కం నాకు తెగ నచ్చింది. మాత్రని సగం చేసి చిగురుకి ఆనించి, పెదవితో మూసి, సాయంత్రందాకా నోరు మెదపకుండా కూర్చున్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే చిగురు తెల్లగా ఉడికిపోయి, పొర ఊడొస్తోంది. ఇప్పుడు నాకు నొప్పులు రెండు. మేస్త్రీకి ఏం పేరు పెట్టాలా అని ఆలోచించాను. ఏం పెట్టినా అది ముందు నాకే అతికేలా ఉంది.

చివరికి లవంగ నూనె దొరికింది. సీసా మీద దూదితో ఒక్క చుక్క అని రాసి ఉంది. రిహార్సలుకి వెళ్ళబోయే ముందు పన్నుకి, చిగురుకి, అనుమానం తీరక రెండు పెదవులకీ కూడా పట్టించాను. గోడౌనుకి చేరేసరికి నొప్పి మాయం. ముక్కు కింద నాకంటూ ఏమీ లేనట్టుంది. ఎన్నాళ్ళకో సుఖంగా వాద్యం ఎత్తి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. వేళ్ళు చక్కగా నడుస్తున్నాయి. ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదనిపించింది. ఆ తన్మయత్వంలో ఉండగా గోడౌనంతా నిశ్శబ్దంగా ఉందని తెలిసింది. కళ్ళు తెరిచాను. తిమ్మిరెక్కిన పెదవుల కొసల నుంచి గాలి బుస్సుమని పోతోంది, చొంగ కారి చొక్కా తడిసింది, నూనె తాగిన రీడు పలకడమే మానేసింది. నేను ఉత్త వేళ్ళు ఆడిస్తున్నాను. డ్రమ్ముల వాళ్ళతో సహా ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మాస్టరుగారు నన్ను అట్టపెట్టెల చాటుకి తీసుకెళ్ళి, ఈసారికి ఆ మొదటి భాగం మీ తోడల్లుడు వాయిస్తాడు, నువ్వు విశ్రాంతి తీసుకో అన్నారు. చాలా మెత్తగా చెప్పారు. ఉరుము అంత మెత్తగా మాట్లాడితే పరిస్థితి ఎంత విషమించిందో నాకు అర్థమైంది.

మర్నాడు సాయంత్రం తోడల్లుడు ఇంటికొచ్చాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. తనకి తెలిసిన డాక్టరమ్మ ఉందని, పొద్దున్నే తీసుకెళ్తానని అన్నాడు. నా పన్ను మీద ఇతనికింత ఆసక్తి ఎందుకో నాకు తెలియదా అనుకున్నాను. అది ఊడితే మొదటి కుర్చీ శాశ్వతంగా అతనిదే. ఆ మాట పైకి కూడా అనేశాను. మా ఆవిడ అందుకుంది.

"మరిది రేపు పొద్దున్నే వస్తాడు. మీరు లేచి వెళ్ళండి. లేదంటే ఆ నూనె సీసా, మాత్రలూ, వెల్లుల్లీ అన్నీ మూట గట్టి నేనే ఆ డాక్టరమ్మకి చూపించొస్తాను."

ఆ మూట బయటపడితే నా పరువు ఏమవుతుందో ఊహించుకుని వెళ్ళాను.

డాక్టరమ్మ వయసులో చిన్నదే. ఇంట్లో ఏమేం వాడారండీ అని అడిగింది. చెప్పుకుంటూ పోయాను. ఇస్త్రీపెట్టె దగ్గర ఆవిడ మాస్కు సర్దుకుంది, నవ్విందో లేదో తెలియలేదు. నొప్పి మాత్ర మింగడానికేనండి, చిగురు మీద పెడితే కాలుతుంది అంది. వాపుకి వేడి కాదు, బయట నుంచి చల్లటి గుడ్డ. నూనె చుక్క చాలు. అన్నిటిలోకీ పనికొచ్చింది ఆ ఉప్పునీళ్ళేనట, అదెందుకు మానేశారని అడిగింది. ఎక్స్‌రే తీసి చూస్తే పంటి వేరు చీలి ఉంది. ఎప్పటి చీలికో, ఇక నిలబెట్టడం కుదరదు, వాపు తగ్గడానికి మందులు వాడి వస్తే తీసేస్తానంది.

వరండాలో బల్ల మీద కూలబడ్డాను. చుట్టూ దవడలు పట్టుకుని జనం కూర్చుని ఉన్నారు. సిగ్గు విడిచి తోడల్లుడితో చెప్పాను, అయిపోయిందని, ఇక నాకు తాళాలేనని, మొదటి కుర్చీ నువ్వే తీసుకోమని.

అతను లేచి వరండా మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అలవాటు ప్రకారం అటు తిరిగి నోరు కడుక్కున్నాడు. ఈసారి మాత్రం నా వైపు తిరిగి, నా ముందుకొచ్చి అరచెయ్యి తెరిచాడు. అందులో గులాబీ రంగు రేకుకి అతికించి ఒక పన్ను ఉంది. నవ్వాడు. సరిగ్గా నా పన్ను ఉండాల్సిన చోట అతనికి ఖాళీ.

"ఇదెప్పటి నుంచి?" అన్నాను.

"మన చుట్టరికానికి ముందే అన్నయ్యగారూ. సైకిలు మీద నుంచి పడ్డాను."

"నాకెందుకు చెప్పలేదు?"

అతను పన్ను జాగ్రత్తగా పెట్టుకున్నాకే మాట్లాడాడు. "మొదట చెబితే డ్రమ్ములిచ్చేవారు. తర్వాత చెబితే ఏదో పేరు పెట్టేవారు. నాకు క్లారినెట్టంటే ఇష్టమండీ."

ఎదురు బల్ల మీదివాళ్ళు ఆసక్తిగా వింటున్నారు. పళ్ళంటే ఇవీ అని నేను నలుగురికీ చూపించిన వరసలో నడిమి పన్ను కట్టుడుది. ఇన్నేళ్ళూ ఆ స్వరాన్ని పక్కన కూర్చుని విన్నాను, బాగుందని లోలోపల కుళ్ళుకున్నాను కూడా. నా సిద్ధాంతం కోసం డ్రమ్ముల వైపు తోలేసిన మొహాలు ఒకటొకటే గుర్తొచ్చాయి. భయం పోయింది. దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది.

అనుకున్న రోజున పన్ను తీసేశారు. చీమ కుట్టినట్టుంటుందని చెప్పను గానీ, నేను ఇంట్లో పెట్టుకున్న బాధలో అది పావు వంతు కూడా లేదు. వార్షికోత్సవంలో వాద్యం ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఆ మొదటి భాగం అతనే వాయించాడు. బాగా వాయించాడు. ఈ రెండు ముక్కలూ రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

చిగురు మానాక, కట్టుడు పన్ను చేతికొచ్చే లోపల, మా ఆవిడతో కలిసి తోడల్లుడి ఇంటికి వెళ్ళాను. పన్ను పోయిన కొత్తలో తనెలా వాయించాడో చూపిస్తానన్నాడు. పై పెదవిని కూడా కింది పెదవిలాగే లోపలికి మడిచి, పళ్ళు ఆనకుండా, పెదవుల మధ్యనే వాద్యాన్ని పట్టుకోవాలి. గట్టిగా కరిచిపట్టడం అలవాటైన నాకు అది చేతకాలేదు. మొదట ఉత్త గాలి. తర్వాత బాతు అరుపు. పక్కగదిలో అక్కచెల్లెళ్ళ మాటలు ఆగిపోయాయి. ఇంకోసారి అన్నాడతను. ఇంకోసారి. ఎన్నోసారికో ఒక స్వరం వచ్చింది. సన్నగా, వణుకుతూ వచ్చింది గానీ విరగలేదు, ఊపిరి ఉన్నంతసేపూ నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. ఈసారి పంటినొప్పి అని చెప్పుకోవడానికి కూడా లేదు.

"పెదవి ఇంకాస్త లోపలికి," అన్నాడు మా తోడల్లుడు.

"సరేనండీ," అన్నాను.

అతను నాకంటే చాలా చిన్నవాడు. నా నోటి నుంచి అతనికి అండీ రావడం అదే మొదటిసారి. ఇద్దరం అది విననట్టే ఊరుకుని, మళ్ళీ మొదలుపెట్టాం.